బాక్టీరియాకు జబ్బు చేస్తే తెలిసేదెట్లా?

జలుబు, తట్టు, పోలియో, 2020లో ప్రపంచాన్నంతా ఇళ్లలో కూర్చోబెట్టిన కోవిడ్ – ఇవన్నీ వైరస్‌ల వల్ల వచ్చే జబ్బులని మీకు తెలుసు. కలరా, టైఫాయిడ్, క్షయ మాత్రం బాక్టీరియా వల్ల వస్తాయని కూడా మీరు పాఠాలలో చదివే ఉంటారు. మనకు జబ్బులు తెచ్చిపెట్టే ఈ బాక్టీరియాకు ఎప్పుడైనా జబ్బు చేస్తుందా? ఈ ప్రశ్న మీకు ఎన్నడైనా తోచిందా?

చేస్తుంది. బాక్టీరియాకు కూడా వైరస్‌లు సోకుతాయి. సోకిన అరగంటకే ప్రాణం తీసే వైరస్‌లు కూడా వాటిలో ఉన్నాయి. బాక్టీరియాపై దాడి చేసే వైరస్‌లను బాక్టీరియోఫేజ్‌లంటారు. అంటే బాక్టీరియాను తినేవి అని అర్థం. పొట్టిగా ఫేజ్ అని పిలుద్దాం. చెరువు నీటిలో, పొలం మట్టిలో, మురుగు కాలువలో, మన పేగులలో – బాక్టీరియా ఎక్కడ ఉంటే ఫేజ్ అక్కడ ఉంటుంది. భూమి మీద ఉన్న ఫేజ్‌లన్నిటినీ లెక్కగడితే 1 పక్కన 31 సున్నాలు పెట్టినంత సంఖ్య వస్తుందని శాస్త్రజ్ఞుల అంచనా.

అయితే ఇక్కడ ఒక చిక్కు ఉంది. మనిషికి జబ్బు చేస్తే ఒళ్లు కాలుతుంది, నాలుక పూతపడుతుంది. డాక్టరుగారు నాడి చూస్తారు, ఉష్ణమాపకం పెడతారు. కంటికే కనిపించని బాక్టీరియాకు నాడి చూసేదెట్లా? దానికి జబ్బు చేసిందనీ, అది చస్తున్నదనీ తెలుసుకునేదెట్లా? ఈ వ్యాసంలో ఆ సంగతే తెలుసుకుందాం.

ఆగ్రాలో మొదలైన అనుమానం

1896లో ఎర్నెస్ట్ హాంకిన్ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు ఆగ్రాలో పనిచేస్తూ ఉండేవాడు. గంగా యమునా నదుల నీటిలో కలరా క్రిములను వేసి చూస్తే అవి త్వరగా నశిస్తున్నాయని ఆయన గమనించాడు. అదే నీటిని మరగకాచి చల్లార్చి వేస్తే క్రిములు చావలేదు. అంటే వేడికి చెడిపోయే పదార్థమేదో ఆ నీటిలో ఉందన్నమాట. అది ఏమిటో ఆనాడు ఎవరూ చెప్పలేకపోయారు. అది ఫేజ్‌ల ప్రభావమే అయి ఉండవచ్చునని తర్వాతి కాలపు శాస్త్రజ్ఞులు భావించారు.

1915లో ఇంగ్లండులో ఫ్రెడరిక్ ట్వార్ట్, 1917లో పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో ఫెలిక్స్ డి హెరెల్ ఈ సంగతిని వేర్వేరుగా కనిపెట్టారు. డి హెరెల్ రక్తవిరేచనాలు కలిగించే బాక్టీరియాను ఒక పళ్లెంలో పలుచని పొరలాగా పెంచాడు. రోగుల మలాన్ని అతిసన్నని రంధ్రాల వడపోతగుండా వడగట్టి, ఆ ద్రవాన్ని దానిపై వేశాడు. మర్నాటికి ఆ పొరలో అక్కడక్కడ గుండ్రని, స్వచ్ఛమైన మచ్చలు ఏర్పడ్డాయి. అక్కడ బాక్టీరియా మాయమైంది! వడపోతలో పట్టుబడనంత చిన్నదైన జీవి ఏదో బాక్టీరియాను తింటున్నదని ఆయన గ్రహించాడు. బాక్టీరియోఫేజ్ అనే పేరు పెట్టింది ఆయనే. 1927లో ఆయన మన దేశానికి కూడా వచ్చి, కలరా మీద ఫేజ్ ఎట్లా పనిచేస్తుందో పరీక్షించాడు.

ఇది జరిగిన కొద్ది ఏళ్లకు పెన్సిలిన్ వచ్చింది. యాంటీబయాటిక్ మందుల జోరులో చాలా దేశాలవారు ఫేజ్‌ను మరచిపోయారు. జార్జియా దేశపు రాజధాని టిబిలిసిలో మాత్రం 1923లో మొదలైన సంస్థ ఈ పని విడిచిపెట్టలేదు.

ఒకటి నూరయ్యే తీరు

ఫేజ్ దాడి ఎట్లా జరుగుతుందో ముందుగా చూద్దాం. ఉదాహరణకు టి4 అనే ఫేజ్‌ను తీసుకుందాం. ఇది మన పేగులలో నివసించే ఇ. కోలి అనే బాక్టీరియాపై దాడి చేస్తుంది. ఇ. కోలి పొడవు సుమారు 2 మైక్రోమీటర్లు. అంటే 500 బాక్టీరియాలను తలా తోకా కలిపి వరుసగా పేర్చితే ఒక మిల్లీమీటరు అవుతుంది. టి4 పొడవు అందులో పదోవంతు, సుమారు 200 నానోమీటర్లు. ఇది మామూలు కాంతి తరంగం పొడవుకన్న తక్కువ. అందుచేత మీ బడిలోని సూక్ష్మదర్శినిలో బాక్టీరియా కనిపించవచ్చును గాని ఫేజ్ కనిపించదు. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని వచ్చాకనే దాని రూపం మనకు తెలిసింది. దానికి ఒక తల, ఒక తోక, తోక చివర సాలెపురుగు కాళ్ల వంటి పోగులు ఉంటాయి.

ఆ పోగులతో ఫేజ్ బాక్టీరియా పైపొరను పట్టుకుంటుంది. ప్రతి ఫేజ్ ప్రతి బాక్టీరియానూ పట్టుకోలేదు. తాళానికి తగిన తాళంచెవి ఉండాలి కదా! ఇ. కోలిని పట్టే టి4 కలరా క్రిమి జోలికి పోదు. మన శరీర కణాల జోలికి అసలే రాదు. పట్టు చిక్కగానే ఫేజ్ తన తోకను సూదిలాగా ఉపయోగించి, తలలో ఉన్న డి.ఎన్.ఏ.ను బాక్టీరియా లోపలికి ఎక్కిస్తుంది. తొడుగు బయటనే ఉండిపోతుంది. లోపలికి చేరిన డి.ఎన్.ఏ. బాక్టీరియా యంత్రాంగాన్నంతా లోబరచుకొని, 'ఇక నా పిల్లలనే తయారుచెయ్యి' అని ఆజ్ఞాపిస్తుంది. సుమారు 25 నిమిషాలకు బాక్టీరియా కణకవచం పగిలిపోతుంది. నూటికి పైగా కొత్త ఫేజ్‌లు బయటపడి, కొత్త బాక్టీరియాలను వెతుక్కుంటూ పోతాయి.

ఇప్పుడు ఒక లెక్క చేద్దాం. మంచి ఆహారం, 37 డిగ్రీల వెచ్చదనం ఉంటే ఇ. కోలి సుమారు 20 నిమిషాలకు ఒకసారి రెండుగా చీలుతుంది. 100 నిమిషాలలో 5 సార్లు చీలుతుంది. అంటే ఒకటి 32 అవుతుంది. అదే 100 నిమిషాలలో ఫేజ్‌కు 4 తరాలు గడుస్తాయి. తరానికి నూరు చొప్పున లెక్కగడితే 100 × 100 × 100 × 100, అంటే 10 కోట్లు! బాక్టీరియా ఎంత వేగంగా పెరిగినా ఫేజ్ దానిని ఎట్లా మించిపోతుందో ఈ లెక్క చెబుతుంది. అయితే ఇది కాగితం మీది లెక్క. వేట దొరికినంతవరకే వేటగాడి పెరుగుదల. బాక్టీరియా కరువైతే ఫేజ్ కూడా పెరగదు.

సాక్షి చెప్పే మాట – వెలుగు

డి హెరెల్ లాగా పళ్లెంలో మచ్చలు లెక్కపెట్టడం మంచి పద్ధతే. ఈనాటికీ అది వాడుకలో ఉంది. కాని మచ్చలు కనబడటానికి చాలా గంటలు, ఒక్కోసారి మర్నాటిదాకా ఆగాలి. పైగా ఆ మచ్చ దాడి ముగిసిందని చెబుతుందే గాని, దాడి ఎప్పుడు మొదలైంది, ఎంత వేగంగా సాగింది, మధ్యలో బాక్టీరియా తేరుకుందా అనే సంగతులు చెప్పదు. ఆట అయిపోయాక స్కోరు తెలుసుకోవటం వేరు, బంతి బంతికీ వ్యాఖ్యానం వినటం వేరు. ఆ వ్యాఖ్యాత మనకు కావాలి. సెన్సార్ చేసే పని అదే.

సెన్సార్ అంటే ఏదైనా ఒక మార్పును గ్రహించి, దానిని మనం కొలవగలిగే విద్యుత్ సంకేతంగా మార్చే సాధనం. వెలుగు, వేడి, ఆమ్లత్వం, రంగు – దేనికి తగిన సెన్సార్ దానికి ఉంది. ఫేజ్ పరీక్షలో అన్నిటికన్న తేలికైనది వెలుగును కొలిచే సెన్సార్.

బాక్టీరియాకు ఆహారమైన పోషక ద్రవం మొదట తేటగా, తేనె రంగులో ఉంటుంది. దానిలో బాక్టీరియా పెరిగినకొద్దీ అది మసకబారుతుంది. ఒక మిల్లీలీటరులో కోట్ల సంఖ్యలో చేరితే కలిపిన గంజిలాగా కనిపిస్తుంది. ఎందుకంటే ఒక్కొక్క బాక్టీరియా తన మీద పడిన కాంతిని పక్కలకు చెదరగొడుతుంది. పొగమంచులో బస్సు దీపాలు మసకగా కనిపించటానికి కారణం కూడా ఇట్లా కాంతి చెదిరిపోవటమే.

పరీక్షనాళికకు ఒకవైపు చిన్న దీపం, మరొకవైపు కాంతి సెన్సార్ పెడతారు. సాధారణంగా 600 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల నారింజ రంగు కాంతిని వాడుతారు. ఒట్టి పోషక ద్రవం గుండా వచ్చిన కాంతిని 100గా తీసుకుంటారు. బాక్టీరియా ఉన్న నాళిక గుండా 10 మాత్రమే వచ్చిందనుకోండి. 100ను 10తో భాగిస్తే 10. దాని సంవర్గమానం 1. ఈ సంఖ్యను దృక్ సాంద్రత అంటారు. 1 మాత్రమే వస్తే దృక్ సాంద్రత 2.

సంవర్గమానం ఎందుకు? ఒక తెర సగం కాంతిని ఆపుతుందనుకోండి. అటువంటివే రెండు తెరలు వేస్తే కాంతి పూర్తిగా ఆగిపోదు, పావు వంతు మిగులుతుంది. మూడు వేస్తే ఎనిమిదో వంతు. తెరలు కూడికగా పెరుగుతూ ఉంటే కాంతి భాగహారంగా తగ్గుతున్నది. సంవర్గమానం ఈ భాగహారాన్ని మళ్లీ కూడికగా మార్చిపెడుతుంది. కనుక బాక్టీరియా సంఖ్య రెట్టింపైతే దృక్ సాంద్రత కూడా దాదాపు రెట్టింపవుతుంది. ద్రవం మరీ చిక్కబడితే ఈ సూత్రం సరిగ్గా పనిచేయదు. అప్పుడు నమూనాను పలుచన చేసి కొలవాలి. ఈ పద్ధతిలో దృక్ సాంద్రత 1 అంటే ఇ. కోలి మిల్లీలీటరుకు సుమారు 80 కోట్లు ఉన్నట్టు లెక్క.

గీత చెప్పే కథ

ఇప్పుడు గ్రాఫు కాగితం తీసుకోండి. అడ్డగీత మీద కాలం నిమిషాలలో, నిలువుగీత మీద దృక్ సాంద్రత గుర్తించండి. సెన్సార్ అయిదు నిమిషాలకొకసారి ఒక చుక్క పెడుతూ పోతుందనుకుందాం.

బాక్టీరియా మాత్రమే ఉన్న నాళికలో గీత మొదట నెమ్మదిగా కదిలి, తర్వాత నిటారుగా లేస్తుంది. 0.1 ఉన్నది 20 నిమిషాలకు 0.2, 40 నిమిషాలకు 0.4, గంటకు 0.8 అవుతుంది. ఆహారం తరిగిపోయాక గీత చదునవుతుంది.

రెండో నాళికలో బాక్టీరియా సంఖ్యను మించి టి7 అనే ఫేజ్‌లను వేశారనుకోండి. ఒక్కొక్క బాక్టీరియాకు ఒకటో రెండో ఫేజ్‌లు పట్టుకుంటాయి. మొదటి కొన్ని నిమిషాలు ఏమీ జరగనట్టే ఉంటుంది. తర్వాత అరగంట లోపలే గీత ఒక్కసారిగా కిందికి దిగుతుంది. కణాలు పగిలిపోయాయి. కాంతిని చెదరగొట్టేవి లేవు. గంజిలా ఉన్న ద్రవం తేటపడింది.

మూడో నాళికలో అవే ఫేజ్‌లను చాలా కొద్దిగా, వెయ్యి బాక్టీరియాలకు ఒకటి చొప్పున వేశారనుకోండి. ఈసారి గీత మొదట మామూలుగానే లేస్తుంది. చూసేవారు 'ఫేజ్ పనిచేయలేదు' అనుకుంటారు. కాని లోపల ఒకటి వందలై, వందలు వేలై, వేలు లక్షలవుతున్నాయి. ఫేజ్‌ల సంఖ్య బాక్టీరియాను మించిన క్షణాన గీత తిరగబడి కూలిపోతుంది. కనుక గీత ఎప్పుడు కూలిందో చూసి, మొదట ఎన్ని ఫేజ్‌లు ఉండెనో అంచనా వేయవచ్చు. పళ్లెంలోని మచ్చ చెప్పలేని సంగతి ఇది.

గీత కూలకుండా, కేవలం కొద్దిగా మందగించి సాగిపోయే సందర్భం కూడా ఉంది. కొన్ని ఫేజ్‌లు బాక్టీరియాను వెంటనే చంపవు. తమ డి.ఎన్.ఏ.ను దాని డి.ఎన్.ఏ.లో కలిపి, అద్దెకున్నవారిలాగా తరతరాలు అందులోనే ఉండిపోతాయి. ఇవి అన్నివేళలా మంచి చేసేవి కావు. కలరా క్రిమికి విషాన్ని తయారుచేసే శక్తి ఇచ్చినది అటువంటి ఒక ఫేజేనని 1996లో తెలిసింది. కనుక మందుగా వాడదలచిన ఫేజ్‌ను ముందుగా ఇట్లా పరీక్షించి, పూర్తిగా చంపేదానినే ఎన్నుకోవాలి.

సాక్షిని ఒక్కడినే నమ్మవచ్చునా?

ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించండి. సెన్సార్ నిజంగా కొలిచినది ఏమిటి? బాక్టీరియా చావునా? కాదు. అది కొలిచినది కాంతిని మాత్రమే. కాంతి పెరగటానికి వేరే కారణాలు ఉండవచ్చును కదా! బాక్టీరియా గడ్డకట్టి అడుగుకు చేరినా పైన ద్రవం తేటపడుతుంది. ఫేజ్‌తోపాటు వచ్చిన వేరే రసాయనం బాక్టీరియాను చంపి ఉండవచ్చు. చచ్చినా పగలని బాక్టీరియా మసకగానే ఉండి, బతికి ఉన్నట్టు భ్రమ కలిగించవచ్చు.

అందుకే మంచి ప్రయోగంలో కనీసం నాలుగు నాళికలు ఉండాలి. మొదటిదానిలో ఒట్టి పోషక ద్రవం. అది మసకబారితే మన పరికరాలు శుభ్రంగా లేవని అర్థం. రెండోదానిలో బాక్టీరియా మాత్రమే. అది పెరగకపోతే మన బాక్టీరియాకే బలం లేదు. మూడోదానిలో బాక్టీరియా, ఫేజ్ రెండూ. నాలుగోదానిలో బాక్టీరియాతోపాటు బాగా మరిగించి చల్లార్చిన ఫేజ్ ద్రవం. మూడోది తేటపడి, నాలుగోది తేటపడకపోతే, వేడికి చెడిపోయే ఫేజే ఈ పని చేసిందని నమ్మకంగా చెప్పవచ్చు. ఆగ్రాలో హాంకిన్ నీటిని మరిగించి చూడటంలోని తెలివి ఇదే. ఆయనకు సెన్సార్ లేదు. కాని పోల్చి చూసే బుద్ధి ఉంది. సెన్సార్ ఎంత ఖరీదైనదైనా ఆ బుద్ధికి బదులు కాదు.

కూలిన గీత మళ్లీ లేస్తే

పరీక్షను అంతటితో ఆపకుండా రాత్రంతా సాగనిచ్చారనుకోండి. తేటపడిన నాళిక కొన్ని గంటల తర్వాత మళ్లీ మసకబారటం తరచుగా కనిపిస్తుంది. చచ్చినవి బతికివచ్చాయా? లేదు. కోట్ల బాక్టీరియాలలో ఏ ఒకటో రెండో ఫేజ్‌కు లొంగని రకాలు ఉన్నాయి. వాటి పైపొరలో ఫేజ్ పట్టుకునే 'తాళం' మారిపోయింది. మిగతావన్నీ చావగా, ఆహారమంతా వీటికే దక్కింది. అవే పెరిగి నాళికను నింపాయి.

ఈ మార్పు ఫేజ్‌ను చూశాక వచ్చిందా, ముందే ఉన్నదా? ఈ ప్రశ్నకు 1943లో సాల్వడార్ లూరియా, మాక్స్ డెల్‌బ్రుక్ అనే శాస్త్రజ్ఞులు చక్కని జవాబు చెప్పారు. వారు బాక్టీరియాను అనేక నాళికలలో వేర్వేరుగా పెంచి, తర్వాత ఫేజ్‌కు అప్పగించారు. ఫేజ్‌ను చూశాకనే మార్పు వచ్చేదైతే ప్రతి నాళికలోనూ లొంగనివి దాదాపు సమానంగా ఉండాలి. కాని కొన్ని నాళికలలో ఒక్కటీ లేదు, కొన్నిటిలో గుంపులు గుంపులుగా ఉన్నాయి. అంటే మార్పు యాదృచ్ఛికంగా, ఫేజ్ రాకముందే జరిగింది. ఎక్కడ ముందుగా జరిగిందో అక్కడ సంతానం ఎక్కువైంది. ఈ పరిశోధకులిద్దరికీ, ఫేజ్‌లపైనే పనిచేసిన ఆల్‌ఫ్రెడ్ హెర్షీకి కలిపి 1969లో నోబెల్ బహుమతి వచ్చింది.

బాక్టీరియాకు మరొక ఉపాయం కూడా ఉందని 2007లో తేలింది. పెరుగు తయారీలో వాడే ఒక బాక్టీరియా, తనపై దాడి చేసిన ఫేజ్ డి.ఎన్.ఏ.లో ఒక ముక్కను కత్తిరించి తన డి.ఎన్.ఏ.లో దాచుకుంటుంది. పోలీసు ఠాణాలో దొంగల ఫొటోలు అతికించినట్టన్నమాట! అదే ఫేజ్ మళ్లీ వస్తే గుర్తుపట్టి కత్తిరించేస్తుంది. ఇటువంటి కత్తెరనే శాస్త్రజ్ఞులు జన్యువులను సవరించే సాధనంగా మలచారు. ఆ పనికి ఎమాన్యుయెల్ షార్పెంటియర్, జెన్నిఫర్ డౌడ్నా 2020లో నోబెల్ బహుమతి పొందారు.

వెలుగొక్కటే కాదు

బాక్టీరియా చేసే ప్రతి పనీ మనకు ఒక ఆనవాలు. తోడు వేసిన పాలలో బాక్టీరియా పాలచక్కెరను లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుంది. పాల పి.హెచ్. సుమారు 6.6 ఉంటే, తోడుకున్న పెరుగుది సుమారు 4.5. పాలు తెల్లగా ఉంటాయి గనుక వెలుగు సెన్సార్ ఇక్కడ పనికిరాదు. పి.హెచ్. సెన్సార్ కావాలి. పి.హెచ్. క్రమంగా దిగుతూ ఉంటే తోడు బాక్టీరియా ఆరోగ్యంగా ఉన్నట్టు. మధ్యలో దిగటం ఆగిపోతే ఫేజ్ సోకిందేమోనని అనుమానించాలి. జున్నుగడ్డ పరిశ్రమలో వేల లీటర్ల పాలు ఇట్లా పాడయ్యేవి. దీనికి కారణం ఫేజ్ అని 1935లో న్యూజీలండ్ శాస్త్రజ్ఞులు కనుక్కున్నారు. అయితే ఒకనాడు మీ ఇంట్లో పెరుగు తోడుకోలేదని వెంటనే ఫేజ్ మీద నింద వేయకండి. చలికాలమైతే పాలు చల్లబడి ఉంటాయి!

బతికి ఉన్న బాక్టీరియా శ్వాసిస్తుంది. శ్వాసక్రియ జరిగితే ఊదారంగులోకి మారే ఒక రంగుపదార్థాన్ని ద్రవంలో కలుపుతారు. రంగు ముదురుతుంటే బాక్టీరియా బతికి ఉంది. రంగు ఆగిపోతే ఫేజ్ పని పూర్తయింది. కెమెరా కన్ను ఒకేసారి అనేక చిన్న గుంటలను గమనిస్తుంది.

ఫేజ్ తన డి.ఎన్.ఏ.ను ఎక్కించేటప్పుడు బాక్టీరియా నుంచి అయానులు బయటికి కారుతాయి. ఈ అతిస్వల్ప విద్యుత్ కదలికను సన్నని ఎలక్ట్రోడుల మధ్య పట్టుకోవచ్చునని 2005లో అమెరికాలోని టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు చూపారు. కణం పగిలేదాకా ఆగనక్కరలేదు. సూది గుచ్చుకున్నప్పుడే తెలిసిపోతుంది.

కొందరు ఇంకొక అడుగు ముందుకు వేసి, ఫేజ్‌నే సెన్సార్‌గా మార్చారు. మిణుగురు పురుగుకు వెలుగునిచ్చే జన్యువును క్షయ బాక్టీరియాపై దాడి చేసే ఫేజ్‌లో పెట్టారు. ఆ ఫేజ్ సోకిన బాక్టీరియా, తగిన రసాయనం అందిస్తే, వెలుగు ఇస్తుంది. రోగి నుంచి తీసిన బాక్టీరియాకు ముందుగా మందు వేసి, తర్వాత ఈ ఫేజ్‌ను వదులుతారు. వెలుగు రాకపోతే మందు పనిచేసి బాక్టీరియా చచ్చిందని, వెలుగు వస్తే మందుకు లొంగలేదని అర్థం. క్షయ బాక్టీరియా చాలా నెమ్మదిగా పెరుగుతుంది. దానిని పెంచి పరీక్షించాలంటే వారాలు పడుతుంది. 1993లో ప్రకటించిన ఈ పద్ధతి ఆ కాలాన్ని తగ్గించే దారి చూపింది.

గీతల మీద ఆధారపడిన ప్రాణం

ఇదంతా ప్రయోగశాలలో ముచ్చటకు గీసే గీతలేనా? కాదు. యాంటీబయాటిక్ మందులను అవసరం ఉన్నా లేకున్నా వాడటం వల్ల వాటికి లొంగని బాక్టీరియా పెరిగిపోతున్నది. 2019లో ప్రపంచంలో 12 లక్షలకు పైగా మరణాలకు ఇటువంటి మొండి బాక్టీరియాయే నేరుగా కారణమని శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు.

2015 చివరలో టామ్ పాటర్సన్ అనే అమెరికన్ ఆచార్యుడు ఈజిప్టు యాత్రలో జబ్బుపడ్డాడు. ఆయన కడుపులో చేరిన అసినెటోబాక్టర్ బౌమనీ అనే బాక్టీరియా ఏ మందుకూ లొంగలేదు. స్పృహ తప్పి, శాన్ డియేగో ఆస్పత్రిలో చావుబతుకుల మధ్య ఉన్నాడు. ఆయన భార్య స్టెఫనీ స్ట్రాత్‌డీ కూడా శాస్త్రజ్ఞురాలే. ఫేజ్ చికిత్స గురించి చదివి, ఆమె పరిశోధకులకు లేఖలు రాసింది. టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయంవారూ, అమెరికా నౌకాదళపు ప్రయోగశాలవారూ తమ దగ్గరున్న ఫేజ్‌లను, మురుగునీటి వంటి చోట్ల నుంచి కొత్తగా పట్టిన ఫేజ్‌లను వెతకటం మొదలుపెట్టారు.

అనేక ఫేజ్‌లలో ఈ రోగి బాక్టీరియాను పట్టే తాళంచెవి ఏది? ఒక్కొక్కటి పళ్లెంలో వేసి, మచ్చల కోసం రోజుల తరబడి ఆగే వ్యవధి లేదు. నౌకాదళపు ప్రయోగశాలలో ఇంతకుముందు మనం చెప్పుకున్న ఊదారంగు పరీక్షనే వాడారు. ఏ గుంటలో రంగు రావటం ఎక్కువ గంటలు ఆలస్యమైతే, ఆ గుంటలోని ఫేజ్ అంత మంచిదన్నమాట. ప్రత్యేక అనుమతి తీసుకొని 2016 మార్చిలో ఎన్నుకున్న ఫేజ్‌లను ఆయనకు ఎక్కించారు. కొద్ది రోజులకు ఆయన కళ్లు తెరిచాడు.

కథ అక్కడితో ముగియలేదు. నాళికలో కూలిన గీత మళ్లీ లేచినట్టే, ఆయన ఒంట్లోని బాక్టీరియా మొదటి ఫేజ్‌లకు లొంగకుండా మారింది. పరిశోధకులు ఆ మారిన బాక్టీరియాను మళ్లీ పరీక్షకు పెట్టి, దానిని పట్టే కొత్త ఫేజ్‌ను వెతికి ఇచ్చారు. యాంటీబయాటిక్ కూడా తోడు ఇచ్చారు. ఆగస్టులో ఆయన ఇల్లు చేరాడు. అయితే ఫేజ్ చికిత్స ఇంకా చాలా దేశాలలో మామూలు వైద్యంగా రాలేదు. ఒక్కరి అనుభవంతో అది అందరికీ పనిచేస్తుందని చెప్పటం సైన్సు పద్ధతి కాదు. ఎందరో రోగులపై, పోల్చి చూసే పరీక్షలు జరగాలి.

మీరు చేసి చూడండి

బాక్టీరియాను ఇంట్లో గాని, బడిలో గాని పెంచటానికి ప్రయత్నించకండి. ఏ రకం పెరుగుతుందో మన చేతిలో ఉండదు. ప్రమాదం లేకుండానే మసకను కొలవటం నేర్చుకోవచ్చు.

ఒక అట్టపెట్టె తీసుకొని లోపల నల్ల కాగితం అతికించండి. మధ్యలో గాజుగ్లాసు పెట్టే చోటు ఉంచండి. ఒకవైపు టార్చిలైటు, ఎదురుగా ఎల్.డి.ఆర్. అనే చిన్న కాంతి సెన్సార్ అమర్చండి. ఇది రేడియో విడిభాగాలు అమ్మే దుకాణాలలో తక్కువ ధరకే దొరుకుతుంది. దాని తీగలను మల్టీమీటరుకు కలపండి. కాంతి తగ్గితే దాని నిరోధం పెరుగుతుంది. గ్లాసులో నీళ్లు పోసి నిరోధం రాసుకోండి. ఒక చుక్క పాలు వేసి కలిపి మళ్లీ రాసుకోండి. ఇట్లా పది చుక్కల వరకు వేసి గ్రాఫు గీయండి. బాక్టీరియా పెరిగే నాళికకు ఇది నమూనా.

తర్వాత సున్నపు తేటను మీ టీచరుగారి ఎదుట తీసుకొని, గొట్టంతో ఊదండి. నోట్లోకి పీల్చకండి. తేట పాలలాగా తెల్లబడుతుంది, మీటరు మారుతుంది. దానిలో కొద్దికొద్దిగా వెనిగర్ పోయండి. తెల్లదనం పోయి తేటపడుతుంది. మీటరు వెనక్కు తిరుగుతుంది. ఫేజ్ దాడితో గీత కూలటం ఇట్లాగే ఉంటుంది.

ఇప్పుడు ఈ ప్రశ్నలకు జవాబులు ఆలోచించండి.

1. రెండో ప్రయోగంలో తేటపడటానికి కారణం వెనిగరే గాని, దానితో చేరిన నీరు కాదని మీరు ఎట్లా రుజువు చేస్తారు? దానికి ఇంకెన్ని గ్లాసులు కావాలి?

2. ఒక నాళికలో బాక్టీరియా 20 నిమిషాలకు రెట్టింపవుతున్నది. ఇప్పటి దృక్ సాంద్రత 0.05. గంటన్నర తర్వాత ఎంత ఉండవచ్చు? నిజంగా వచ్చిన విలువ అంతకన్న బాగా తక్కువైతే ఎన్ని కారణాలు ఊహించగలరు?

3. ఒకే ఫేజ్‌కు బదులు మూడు వేర్వేరు ఫేజ్‌లు కలిపి వేస్తే, కూలిన గీత మళ్లీ లేచే అవకాశం ఎందుకు తగ్గుతుంది?

మూడో ప్రశ్నకు జవాబు దొరికినవారు, మందుకు లొంగని జబ్బులను వైద్యులు రెండు మూడు మందులు కలిపి ఎందుకు ఎదుర్కొంటారో కూడా తెలుసుకున్నట్టే. డాక్టరు రాసిచ్చిన యాంటీబయాటిక్‌ను చెప్పినట్టే వాడాలనీ, రాయనిదానిని దుకాణంలో అడిగి కొనుక్కోకూడదనీ మీ ఇంట్లో ఎవరైనా మరచిపోతే, గ్రాఫు కాగితం మీద కూలి మళ్లీ లేచిన ఆ గీతను వారికి గీసి చూపండి.